బటన్ కొత్త ఫైలులో, మాక్రో పాత ఫైలులో: ఒక స్టాక్ వర్క్‌బుక్‌ను చక్కదిద్దిన తీరు

నా దగ్గరికి వచ్చిన ఫిర్యాదు చిన్నదే: "జులై ఫైలులో 'నెల ముగింపు' బటన్ పనిచేయడం లేదు. మిగతా బటన్లు బాగానే ఉన్నాయి."

ఒక గోదాములోకి వచ్చే సరుకు, బయటికి పోయే సరుకు, నెలాఖరు నిల్వ నమోదు చేసుకునే ఎక్సెల్ వర్క్‌బుక్ అది. రోజూ అందులో నమోదులు చేసేవారికి మాక్రోలు (ఎక్సెల్ చేత పనులు చేయించే చిన్న కోడ్‌లు) రాయడం రాదు, వారికి ఆ అవసరమూ లేదు. లోగడ అక్కడ పనిచేసిన ఒక ఉద్యోగి మాక్రోలు రాసి, షీటు పైభాగంలో నాలుగు బటన్లు అమర్చి వెళ్లారు. "వరుస చేర్చు", "సరిచూడు", "నివేదిక" అనే మొదటి మూడూ మామూలు పనులు చేస్తాయి. నాలుగోది "నెల ముగింపు". దాన్ని నొక్కితే నెలాఖరు నిల్వలు కొత్త నెల ప్రారంభ నిల్వలుగా మారతాయి, నెలంతా చేసిన నమోదులు తుడిచిపెట్టుకుపోతాయి, ఆ వెంటనే ఫైలు సేవ్ అవుతుంది.

జులై మొదలవగానే సిబ్బంది జూన్ షీటు ట్యాబ్ మీద రైట్ క్లిక్ చేసి, "మూవ్ ఆర్ కాపీ" ఎంచుకొని, షీటు నకలును కొత్త పుస్తకంలోకి పంపారు. దానికి జులై అని పేరు పెట్టి సేవ్ చేశారు. ఎవరికైనా సహజంగా తోచే పద్ధతే. షీటుతోపాటు నాలుగు బటన్లూ వచ్చాయి. ఆపైన జూన్ నమోదులు పోవాలని "నెల ముగింపు" నొక్కారు. అడిగినదానికి అవునన్నారు, షీటులో ఏమీ మారలేదు. మళ్లీ నొక్కారు. చివరికి వరుసలు చేత్తో తుడిచి పని మొదలుపెట్టారు.

బటన్ ఏమీ చేయలేదన్నది వారి కళ్లకు కనిపించిన విషయం. బటన్ మాత్రం నొక్కిన ప్రతిసారీ పనిచేసింది, జులైలో కాకుండా జూన్ ఫైలులో.

నొక్కకుండా చూడటం

ఇలాంటి ఫిర్యాదు వచ్చినప్పుడు బటన్‌ను నొక్కి చూడాలన్న ఆతృతను అణచుకోవాలి. తుడిచే పని చేసే బటన్ అయితే మరీను. ఫారం కంట్రోల్ బటన్‌ను (ఎక్సెల్ షీటు మీద పెట్టే మామూలు రకం బటన్‌ను) నొక్కకుండా ఎంచుకోవాలంటే దాని మీద రైట్ క్లిక్ చేయాలి, లేదా కంట్రోల్ కీ పట్టుకొని క్లిక్ చేయాలి. రైట్ క్లిక్ మెనూలో "అసైన్ మాక్రో" నొక్కితే ఒక డైలాగు పెట్టె తెరుచుకుంటుంది. చాలామంది ఆ పెట్టెలో కింది జాబితానే చూస్తారు. చూడవలసింది పైన ఉండే "మాక్రో నేమ్" గడి. ఇక్కడ ఆ గడిలో మాక్రో పేరు ఒంటరిగా లేదు. దాని ముందు జూన్ ఫైలు పేరు, రెండింటి మధ్య ఒక ఆశ్చర్యార్థకం ఉన్నాయి. సమస్య మొత్తం ఆ ఒక్క గడిలోనే దొరికింది.

మరి మిగతా మూడు బటన్లు ఎందుకు బాగున్నాయి? వాటి గడుల్లోనూ జూన్ ఫైలు పేరే ఉంది. తేడా మాక్రోల లోపల ఉంది. ఆ మూడు మాక్రోలూ "యాక్టివ్‌షీట్" మీద, అంటే తెర మీద ఆ క్షణాన ముందున్న షీటు మీద పనిచేసేలా రాశారు. సిబ్బందికి జూన్ ఫైలును పక్కన తెరిచి పెట్టుకొని పోల్చి చూసుకునే అలవాటు ఉంది. జులై షీటు ముందు ఉన్నప్పుడు "వరుస చేర్చు" నొక్కితే కోడ్ జూన్ ఫైలులోంచే వచ్చినా వరుస జులైలో పడుతుంది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. నాలుగో మాక్రోను మాత్రం "దిస్‌వర్క్‌బుక్" మీద రాశారు. మాక్రోలు రాసే భాష వీబీఏలో దాని అర్థం కోడ్ ఏ ఫైలులో ఉందో ఆ ఫైలు. కోడ్ జూన్‌లో ఉంది కాబట్టి తుడిచిందీ జూన్‌నే, సేవ్ చేసిందీ జూన్‌నే.

జూన్ ఫైలు మూసి ఉన్నా ఇది జరిగేదే. బటన్ సూచించే ఫైలు తెరిచి లేకపోతే ఎక్సెల్ దాన్ని వెతికి తెరవడానికి ప్రయత్నిస్తుంది. ఇక్కడ అందరి ఫైళ్లూ ఉన్న ఉమ్మడి ఫోల్డర్‌ను ఎక్సెల్‌లో నమ్మకమైన చోటుగా (ట్రస్టెడ్ లొకేషన్) నమోదు చేసి ఉంచారు కనుక, అక్కడి నుంచి తెరుచుకునే ఫైళ్లలో మాక్రోలకు అడ్డేమీ ఉండదు. ఇక అన్‌డూ సంగతి. ఎక్సెల్‌లో మాక్రో షీటును మార్చిన తర్వాత వెనక్కి తీసుకునే జాబితా ఖాళీ అవుతుంది. కంట్రోల్ జడ్ నొక్కి తప్పించుకునే దారి అక్కడే మూసుకుపోతుంది.

జూన్ నమోదులు సర్వర్‌లో ఉన్న మునుపటి ప్రతి నుంచి తిరిగి వచ్చాయి. ముందు ఆ ప్రతిని వేరే చోట భద్రపరచి, ఆ తర్వాతే వర్క్‌బుక్ మీద చెయ్యి వేశాను.

బటన్‌లో ఉండేది పేరు మాత్రమే

ఈ పనిలో నేను అందరికీ గట్టిగా చెప్పే మాట ఒక్కటే. బటన్‌లో కోడ్ ఉండదు, ఒక పేరు ఉంటుంది. గోడ మీది స్విచ్‌లో దీపం లేనట్టే బటన్‌లో మాక్రో లేదు. మధ్యలో ఉన్న తీగ ఎటు వెళ్తోందో చూడనిదే స్విచ్ గురించి ఏమీ చెప్పలేం.

ఎక్సెల్‌లో ఆ తీగ పేరు "ఆన్‌యాక్షన్". ఫారం కంట్రోల్ బటన్‌కైనా, మనం గీసిన దీర్ఘచతురస్రానికైనా, అతికించిన బొమ్మకైనా ఇదే లక్షణం. అందులో దాచేది అక్షరాలు మాత్రమే. మాక్రో పేరు మార్చితే బటన్‌కు ఆ సంగతి తెలియదు. కోడ్ ఉండే మాడ్యూల్‌ను తీసేసినా తెలియదు. ఫైలును మాక్రోలు ఉండని ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ రకంగా సేవ్ చేస్తే కోడ్ మొత్తం పోతుంది, బటన్ మాత్రం అదే చోట, అదే రాతతో, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంటుంది. సేవ్ చేసేటప్పుడు ఎక్సెల్ హెచ్చరిస్తుంది కానీ, ఆ పొడవాటి హెచ్చరికను చదివి అర్థం చేసుకోవాలని రోజూ నమోదులు చేసే మనిషిని అడగడం న్యాయం కాదు.

ఈ తీగను కళ్లారా చూడాలనుకునేవారికి ఒక దారి ఉంది. ఎక్సెల్ 2007 నుంచి వచ్చిన ఫైళ్లు నిజానికి జిప్ మూటలు. నకలు ఒకటి తీసి, దాని ఎక్స్‌టెన్షన్‌ను జిప్‌గా మార్చి విప్పితే లోపల షీటు మీది ఆకారాల వివరాలు విడి ఫైళ్లలో కనిపిస్తాయి. ప్రతి ఆకారం దగ్గరా మాక్రో పేరు రాసి ఉంటుంది. ఆ పేరు ముందు చదరపు బ్రాకెట్లలో సున్నా ఉంటే, మాక్రో ఇదే ఫైలులో ఉందని అర్థం. వర్క్‌బుక్ మొత్తాన్ని "సేవ్ యాజ్" చేసినప్పుడు బటన్లు చెడకపోవడానికి కారణం ఈ సున్నాయే. ఫైలు పేరు ఏదైనా "ఇదే ఫైలు" అన్నది మారదు. ఒక్క షీటును మాత్రం వేరే పుస్తకంలోకి కాపీ చేస్తే, "ఇదే ఫైలు" అన్న మాటకు అక్కడ అర్థం ఉండదు కాబట్టి ఎక్సెల్ పాత ఫైలు పేరును రాసిపెడుతుంది. మామూలు మాడ్యూళ్లలోని కోడ్ షీటు వెంట రాదు. జులై ఫైలు కథ ఇదే.

ముందు లెక్క తీయడం

ఒక బటన్ ఇలా ఉన్నప్పుడు మిగతావి ఎలా ఉన్నాయో చూడకుండా మరమ్మతు మొదలుపెట్టకూడదు. కొన్ని వరుసల చిన్న మాక్రో రాశాను. ప్రతి షీటులోని ప్రతి ఆకారాన్నీ తిరిగి చూసి, షీటు పేరు, ఆకారం పేరు, దాని మీది రాత, అది ఏ గడి మీద మొదలవుతోంది, ఆన్‌యాక్షన్‌లో ఏముంది అనే అయిదు విషయాలను కొత్త షీటులో వరుసలుగా రాస్తుంది. యాక్టివ్ ఎక్స్ అనే మరో రకం కంట్రోళ్ల (బటన్ల వంటివాటి) పద్ధతి వేరు కనుక వాటి దగ్గర ఆన్‌యాక్షన్‌ను అడగకుండా "యాక్టివ్ ఎక్స్" అని మాత్రం గుర్తు పెడుతుంది. గుంపుగా కలిపిన ఆకారాలుంటే గుంపు లోపలికి కూడా వెళ్లాలి, లేకపోతే లోపలి బటన్లు లెక్కలోకి రావు.

జాబితా చూస్తే తెర మీద కనిపించే వాటికన్నా ఎక్కువ బటన్లు ఉన్నాయి. నివేదిక షీటులో ఒకదాని మీద ఒకటి పడి ఒకటిగా కనిపిస్తున్న రెండు బటన్లు దొరికాయి. పైదాన్ని నొక్కితే కొత్త మాక్రో నడుస్తుంది, దాన్ని కాస్త జరిపితే కింద పాత బటన్ బయటపడుతుంది. ఒక చోట బటన్ ఎత్తు సున్నా. వరుసలతోపాటు పరిమాణం మారేలా దాన్ని అమర్చారు. ఎవరో ఫిల్టర్ పెట్టి ఆ వరుసలను దాచినప్పుడు బటన్ నలిగి గీతగా మిగిలింది. ఇంకొక బటన్ ఆన్‌యాక్షన్‌లో "పర్సనల్" అనే ఫైలు పేరు ఉంది. మాక్రో రికార్డు చేసేటప్పుడు ఎక్సెల్ దాన్ని ఎక్కడ దాచాలని అడుగుతుంది. అక్కడ "పర్సనల్ మాక్రో వర్క్‌బుక్" ఎంచుకుంటే కోడ్ ఆ మనిషి కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది. రాసినవారి దగ్గర చక్కగా నడిచే బటన్ పక్క బల్ల మీది కంప్యూటర్‌లో నడవదు. రాసినవారు సంస్థ వదిలి వెళ్తే ఇక ఎక్కడా నడవదు.

ఇలాంటి లెక్క తీయకుండా బటన్లను ఒక్కొక్కటిగా సరిచేసుకుంటూ పోతే ఆ నలిగిపోయిన బటన్ ఎవరి కంటా పడదు. ఫిల్టర్ తీసిన రోజున తిరిగి లేచి కూర్చుంటుంది.

ఏ రకం బటన్ పెట్టాలి

డెవలపర్ ట్యాబ్‌లో "ఇన్సర్ట్" నొక్కితే బటన్ రెండు చోట్ల కనిపిస్తుంది: పైన ఫారం కంట్రోల్స్, కింద యాక్టివ్ ఎక్స్ కంట్రోల్స్. ఆ ట్యాబ్ మామూలుగా కనిపించదు, ఆప్షన్స్‌లో "కస్టమైజ్ రిబ్బన్" దగ్గర టిక్ పెట్టి తెచ్చుకోవాలి. ఇవి రెండూ కాక మూడో దారి, ఏదైనా ఆకారాన్ని గీసి దానికి మాక్రో తగిలించడం.

యాక్టివ్ ఎక్స్ విషయంలో నా నిర్ణయంలో తడబాటు లేదు: కొత్తవి పెట్టకూడదు, పాతవి ఉంటే తీసేయాలి. ఎక్సెల్ 97తో వచ్చిన ఈ కంట్రోళ్లు వివిధ ఈవెంట్లకు (నొక్కడం వంటి సంఘటనలకు) కోడ్ రాసే వీలిస్తాయి, రంగులూ అక్షరాలూ మార్చుకోనిస్తాయి. కానీ ల్యాప్‌టాప్‌ను వేరే రిజల్యూషన్ ఉన్న తెరకు తగిలించినప్పుడు అవి పెరగడమో కుదించుకుపోవడమో చాలామందికి అనుభవమే. మాక్ కంప్యూటర్‌లో అసలు పనిచేయవు. 2014 డిసెంబరులో ఒక భద్రతా అప్‌డేట్ తర్వాత ఎన్నో వర్క్‌బుక్‌లలో ఇవి మూగబోయాయి, తాత్కాలికంగా దాచిన కొన్ని ఫైళ్లను తొలగిస్తేనే మళ్లీ కదిలాయి. ఇప్పుడు మైక్రోసాఫ్ట్ స్వయంగా వీటిని పక్కన పెడుతోంది. 2024లో వచ్చిన ఆఫీస్‌లో యాక్టివ్ ఎక్స్ మొదటి నుంచే ఆపి ఉంటుంది, 2025లో మైక్రోసాఫ్ట్ 365కూ అదే పద్ధతి వచ్చింది. ఈ వర్క్‌బుక్‌లో దొరికిన యాక్టివ్ ఎక్స్ బటన్ల కోడ్ షీటు మాడ్యూల్‌లో, బటన్ పేరుకు "క్లిక్" జతచేసిన ప్రొసీజర్‌లో (ఒక పేరున్న కోడ్ ముక్కలో) ఉంది. దాన్ని మామూలు మాడ్యూల్‌లోకి మార్చి, బటన్లు తీసేశాను.

మిగిలినవి ఫారం బటన్, ఆకారం. ఆకారానికి ఏ రంగైనా వేయవచ్చు. ఫారం బటన్ బూడిద రంగులోనే ఉంటుంది, అక్షరాల తీరు తప్ప మరేదీ మారదు. అయినా రోజువారీ పనులకు నేను ఫారం బటన్‌నే ఎంచుకున్నాను. కారణం, నొక్కినప్పుడు అది లోపలికి దిగినట్టు కనిపిస్తుంది. ఆకారం ఆ మాత్రం ఆనవాలు కూడా చూపదు. మాక్రో నడవడానికి కాస్త సమయం పట్టిందంటే, నొక్కామో లేదో తెలియక మనిషి మళ్లీ నొక్కుతాడు. జూన్ ఫైలు విషయంలో జరిగిందీ అదే: ఏమీ కదలకపోవడంతో మళ్లీ నొక్కారు.

అన్నింటినీ షీటు పై వరుసల్లో, ఫ్రీజ్ చేసిన భాగంలో ఉంచాను. ఫార్మాట్ కంట్రోల్‌లో "గడులతో కదలాలి, పరిమాణం మారకూడదు" అనే ఎంపిక పెట్టాను. ఇక ఫిల్టర్ ఏది పెట్టినా అవి నలగవు. ప్రింట్ తీసినప్పుడు కాగితం మీద బటన్లు పడకుండా "ప్రింట్ ఆబ్జెక్ట్" టిక్ కూడా తీసేశాను.

కొత్త ఏర్పాటు

ముందుగా పేర్లు. బటన్ గీయగానే ఎక్సెల్ మాక్రోకు "బటన్1_క్లిక్" వంటి పేరు సూచిస్తుంది. దాన్ని ఒప్పుకోకూడదు. ఆర్నెల్ల తర్వాత ఆ పేరు చూసి అది ఏం చేస్తుందో ఎవరూ చెప్పలేరు. మాక్రోకు చేసే పనిని బట్టి పేరు పెట్టాను. బటన్‌కు కూడా నేమ్ బాక్సులో అదే పేరు ఇచ్చాను. రాతను బట్టి బటన్‌ను గుర్తించడం ప్రమాదం. రాత ఎవరైనా మారుస్తారు, పేరు ఎవరూ ముట్టుకోరు.

అసైన్ మాక్రో డైలాగులో కింద "మాక్రోస్ ఇన్" అనే చోట "దిస్ వర్క్‌బుక్" ఎంచుకున్నాను. తెరిచి ఉన్న అన్ని ఫైళ్ల మాక్రోలూ కలగాపులగంగా కనిపించే జాబితా నుంచి ఎంచుకుంటే వేరే ఫైలు మాక్రో తగలడానికి ఒక్క క్లిక్ చాలు. బటన్‌కు అవసరం లేని సహాయక ప్రొసీజర్లన్నింటికీ "ప్రైవేట్" అని ముందు చేర్చాను. అప్పుడు అవి ఆ జాబితాలో కనిపించవు. తప్పకుండా ఇవ్వవలసిన ఆర్గ్యుమెంట్లు (బయటి నుంచి అందించే విలువలు) ఉన్నవీ కనిపించవు. ఫలితంగా ఆ జాబితాలో బటన్లకు తగినవే మిగిలాయి.

తర్వాత తీగల పట్టిక. దాచి ఉంచిన ఒక షీటులో రెండు నిలువు వరుసలు: బటన్ పేరు, దానికి తగలవలసిన మాక్రో పేరు. ఫైలు తెరిచిన ప్రతిసారీ వర్క్‌బుక్ ఓపెన్ ఈవెంట్ ఆ పట్టిక చదివి, ప్రతి బటన్ ఆన్‌యాక్షన్‌నూ ఇదే ఫైలు పేరుతో మళ్లీ రాస్తుంది. ఎవరైనా తెలియక ఏ బటన్‌కైనా వేరే మాక్రో తగిలించినా మర్నాటికి సరి అవుతుంది. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. ఫైలు పేరును ఒంటి కొటేషన్ల మధ్య పెట్టాలి, ఆ పేరులోనే ఒంటి కొటేషన్ గుర్తు ఉంటే దాన్ని రెండుసార్లు రాయాలి. లేకపోతే అలాంటి పేరున్న ఫైలులో మాత్రమే బటన్లు ఆగిపోతాయి. కారణం వెతకడానికి ఒక పూట పోతుంది.

నివేదిక షీటులో సరుకు రకాన్ని బట్టి ఎనిమిది బటన్లు, వాటికి ఎనిమిది మాక్రోలు ఉండేవి. ఎనిమిదింటిలోనూ ఒకే కోడ్, తేడా ఒక్క పదం. వాటి స్థానంలో ఒకే మాక్రో పెట్టాను. "అప్లికేషన్.కాలర్" తనను పిలిచిన బటన్ పేరును మాక్రోకు చెబుతుంది. ఆ పేరును బట్టి ఏ రకం నివేదిక కావాలో తేలుతుంది. దీన్ని వాడేవారు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. మాక్రోను బటన్ నుంచి కాకుండా ఎడిటర్ నుంచి నడిపితే కాలర్‌లో పేరుకు బదులు ఎర్రర్ విలువ వస్తుంది, కనుక వచ్చింది అక్షరాలేనా అని ముందే పరీక్షించాలి. అలాగే కాపీ చేసిన బటన్‌కు పాతదాని పేరే ఉండిపోతే రెండూ ఒకే జవాబు ఇస్తాయి. పట్టిక చదివే మాక్రో ఒకే పేరు రెండుసార్లు కనిపిస్తే ఆగి చెప్పేలా రాశాను.

షీట్లకు రక్షణ పెట్టినా బటన్లు నొక్కవచ్చు. మాక్రో మాత్రం తాళం వేసిన గడిలో రాయబోతే 1004 ఎర్రర్‌తో ఆగిపోతుంది. రక్షణ పెట్టేటప్పుడు "యూజర్ ఇంటర్‌ఫేస్ ఓన్లీ" అనే ఎంపిక ఇస్తే మనుషులకు అడ్డు, మాక్రోలకు అనుమతి. ఆ ఎంపిక ఫైలుతో సేవ్ కాదు, తెరిచిన ప్రతిసారీ మళ్లీ పెట్టాలి. అదీ ఓపెన్ ఈవెంట్‌లోనే చేరింది.

అన్నింటికన్నా ముఖ్యమైన మార్పు ఇంకొకటి. "నెల ముగింపు" బటన్‌ను తీసేశాను. సంస్థవారు మొదట ఒప్పుకోలేదు, అన్నాళ్లుగా వాడుతున్న బటన్ కదా. కానీ తుడవడం ఎందుకు అవసరమైందో వెనక్కి వెళ్లి చూడండి. నిండిన ఫైలు నుంచి కొత్త నెల ఫైలు చేస్తున్నారు కాబట్టి తుడవవలసి వచ్చింది. ఖాళీ ఫైలు నుంచి చేస్తే తుడిచే పనే లేదు. ఇప్పుడు ఆ చోట "కొత్త నెల" అనే బటన్ ఉంది. నమోదులు లేని మూల ఫైలును తెరిచి, దాన్ని కొత్త నెల పేరుతో నకలు తీసి, ప్రారంభ నిల్వలను అందులో రాస్తుంది. పాత ఫైలులో ఒక్క గడిలో మాత్రం "ముగిసింది" అని గుర్తు వేస్తుంది. రాసే పని చేసే ప్రతి మాక్రో మొదట ఆ గడిని చూస్తుంది, గుర్తు ఉంటే పని చేయకుండా వెనుదిరుగుతుంది. తెర మీద ముందున్న ఫైలు ఏదో చూసి ఆపవచ్చు కదా అని అడిగారు. మాక్రో కోసం ఎక్సెల్ వేరే ఫైలు తెరిచే సందర్భంలో ఏది ముందుంటుందన్న దాని మీద ఆధారపడటం నాకు ఇష్టం లేదు. గుర్తు ఫైలులోనే ఉంటే అనుమానానికి తావు లేదు. వీటికి తోడు వర్క్‌బుక్ నిర్మాణానికి రక్షణ పెట్టాను. ఇక ట్యాబ్ మీద రైట్ క్లిక్ చేస్తే "మూవ్ ఆర్ కాపీ" మసకబారి ఉంటుంది.

అడిగే తీరు

మాక్రో చేసిన మార్పు వెనక్కి రాదు కాబట్టి, చేసే ముందు అడగాలి. పాత మాక్రోలో కూడా ప్రశ్న ఉంది: "కొనసాగించాలా?" ఈ ప్రశ్నకు ఎవరైనా చదవకుండానే అవును అంటారు. అడిగినప్పుడు ఏ ఫైలు, ఏం జరుగుతుంది, ఎంత అన్న మూడూ కనిపించాలి. ఇప్పటి ప్రశ్న ఇలా ఉంటుంది: "జూన్ స్టాక్ ఫైలు ముగుస్తుంది. 143 నమోదులు ఇక మార్చలేరు. జులై ఫైలు తయారవుతుంది." ఎంటర్ కొడితే పడే జవాబు "వద్దు" అయ్యేలా రెండో బటన్‌ను డిఫాల్టుగా పెట్టాను. జులై షీటు ముందు కూర్చున్న మనిషికి ఆ రోజు పెట్టెలో "జూన్" అన్న మాట కనిపించి ఉంటే చెయ్యి అక్కడే ఆగేది.

తెలుగులో సందేశాలు చూపాలనుకునేవారికి ఒక మాట. వీబీఏ ఎడిటర్‌లో తెలుగు టైప్ చేస్తే ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి. గడిలోని తెలుగు వాక్యాన్ని మెసేజ్ బాక్సుకు పంపినా అక్కడా ప్రశ్నార్థకాలే. షీటు గడులు, బటన్ మీది రాత, యూజర్‌ఫారం (మనమే తయారుచేసుకునే డైలాగు పెట్టె) మీది లేబుళ్లు మాత్రం తెలుగును చక్కగా చూపుతాయి. అందుకని సందేశాలన్నీ దాచిన షీటులో గడికొకటిగా రాసి, చిన్న యూజర్‌ఫారం ఒకటి తయారుచేసి, లేబుల్‌లోకి ఆ గడి విలువను తెప్పించాను. దీనివల్ల ఇంకో మేలు జరిగింది. వాక్యాలు మార్చాలంటే కోడ్ ముట్టుకోనవసరం లేదు.

ఫైలు చేతులు మారినప్పుడు

కొత్త వర్క్‌బుక్‌ను ఈమెయిల్‌లో పంపగానే ఒక శాఖ నుంచి కబురు వచ్చింది: ఏ బటనూ పనిచేయడం లేదు. తెర మీద వచ్చిన సందేశం మాక్రోను నడపలేకపోతున్నానని, అది ఈ వర్క్‌బుక్‌లో లేకపోవచ్చని, లేదా మాక్రోలన్నీ ఆపి ఉండవచ్చని చెబుతోంది. రెండు వేర్వేరు రోగాలకు ఎక్సెల్ చెప్పే లక్షణం ఒక్కటే కావడం ఇక్కడి చిక్కు. తీగ తెగినా ఇదే సందేశం, కరెంటు లేకపోయినా ఇదే సందేశం. తేల్చుకోవడానికి సులువైన గుర్తు, ఒక్క బటన్ ఆగితే తీగను చూడాలి, అన్నీ ఆగితే భద్రతా అమరికలను చూడాలి.

ఇక్కడ రెండోదే. 2022 నుంచి ఇంటర్నెట్ ద్వారా వచ్చిన ఫైళ్లలో మాక్రోలను ఆఫీస్ మొదటి నుంచే అడ్డుకుంటోంది. వెనకటి పసుపు పట్టీలో ఉండే "ఎనేబుల్ కంటెంట్" బటన్ ఇక్కడ ఉండదు, ఎర్ర పట్టీ మాత్రమే కనిపిస్తుంది. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో "అన్‌బ్లాక్" టిక్ పెట్టి తెరిస్తే మాక్రోలు నడుస్తాయి. కానీ ఆ అలవాటును సిబ్బందికి నేర్పడం నాకు సమ్మతం కాదు. ఈరోజు మన ఫైలుకు పెట్టిన టిక్ రేపు ఎవరో పంపిన హానికరమైన ఫైలుకూ పెడతారు. ఈమెయిల్ మానేసి, నమ్మకమైన చోటుగా నమోదైన ఫోల్డర్ నుంచే ఫైలు తెరిచే ఏర్పాటు చేయించాను.

మొదటిసారి మాక్రోలు ఆపి ఉన్నప్పుడు కూడా మనిషికి విషయం తెలియాలి. అందుకు మూల ఫైలులో ఒక్క "స్వాగతం" షీటే కనిపిస్తుంది, మిగతావి దాగి ఉంటాయి. మాక్రోలు నడిస్తే ఓపెన్ ఈవెంట్ అసలు షీట్లను బయటికి తెస్తుంది. నడవకపోతే ఆ షీటు మీద రాసి ఉన్న సూచన ఒక్కటే కనిపిస్తుంది, పనిచేయని బటన్లు ఎదుట ఉండవు.

వేరే ప్రోగ్రాములు వాడేవారి దగ్గర

ఒక శాఖలో లిబర్‌ఆఫీస్ కాల్క్ వాడతారు. అక్కడ బటన్‌ను డిజైన్ మోడ్‌లో గీసి, కంట్రోల్ ప్రాపర్టీస్‌లోని ఈవెంట్స్ ట్యాబ్‌లో "ఎగ్జిక్యూట్ యాక్షన్" ఎదుట మాక్రోను తగిలించాలి. డిజైన్ మోడ్ ఆపనిదే బటన్ నొక్కుడుపడదు. కొత్తవారు ఎక్కువగా ఆగిపోయేది అక్కడే. మాక్రోను ఎంచుకునే చెట్టులో "మై మాక్రోస్" పైన ఉంటుంది, తెరిచి ఉన్న పత్రం కింద ఉంటుంది. పైనున్న దానిలో రాస్తే ఎక్సెల్ పర్సనల్ వర్క్‌బుక్‌తో వచ్చిన చిక్కే ఇక్కడా వస్తుంది, కోడ్ మీ కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది. పత్రం లోపలి లైబ్రరీలోనే రాయాలి. వీబీఏ కోడ్‌ను లిబర్‌ఆఫీస్ కొంతవరకు నడపగలదు, కానీ యూజర్‌ఫారంలతో ఆ సాహసం చేయలేదు. ఆ శాఖకు నమోదు, నివేదిక అనే రెండు బటన్లతో చిన్న పత్రం విడిగా తయారుచేశాను.

గూగుల్ షీట్స్‌లో చేయవచ్చా అని కూడా అడిగారు. చేయవచ్చు. డ్రాయింగ్‌ను గానీ, గడుల మీద పెట్టిన బొమ్మను గానీ ఎంచుకొని, మూడు చుక్కల మెనూలో "అసైన్ స్క్రిప్ట్" నొక్కి ఫంక్షన్ పేరు టైప్ చేయాలి. బ్రాకెట్లు లేకుండా పేరు మాత్రమే. జాబితా చూపదు కాబట్టి ఒక అక్షరం తప్పినా నొక్కేదాకా తెలియదు. ప్రతి మనిషీ మొదటిసారి అనుమతి ఇవ్వాలి. మొత్తం ఫైలును కాపీ చేస్తే స్క్రిప్ట్ వెంట వస్తుంది, ఒక్క షీటునే వేరే ఫైలులోకి పంపితే రాదు. ప్రోగ్రాము మారినా ఈ నియమం మారకపోవడం గమనించదగ్గది. గోదాములో చాలామంది ఫోనులోనే షీటు తెరుస్తారు, ఫోను యాప్‌లో ఆ బొమ్మలను నొక్కితే స్క్రిప్ట్ నడవదు. ఆ కారణం ఒక్కటే చాలు, ఎక్సెల్‌లోనే ఉండిపోవాలని నిర్ణయించుకున్నారు.

అప్పగింత

చివరగా లెక్క తీసే ఆ చిన్న మాక్రోను కూడా వర్క్‌బుక్‌లోనే ఉంచి, "బటన్ల జాబితా" అని పేరుపెట్టి నిర్వాహకుడి షీటులో ఒక బటన్‌కు తగిలించాను. నెలకోసారి దాన్ని నొక్కితే ఏ బటన్ ఎటు వెళ్తోందో వరుసగా కనిపిస్తుంది. పట్టికతో పోలని వరుస ఎర్రగా ఉంటుంది. దాన్ని చూసే బాధ్యత ఒక మనిషికి పేరుపెట్టి అప్పగించమని అడిగాను, అప్పగించారు. మాక్రో ప్రాజెక్టుకు డిజిటల్ సంతకం చేయించే పని మిగిలి ఉంది. సర్టిఫికెట్ సంస్థ పేరు మీద తీసుకోవాలి కనుక ఆ నిర్ణయం వారి చేతిలో ఉంది. అంతవరకు ఉమ్మడి ఫోల్డర్ ఏర్పాటే కొనసాగుతుంది.